ఇందిరమ్మ ఇల్లు: డబ్బు బాగానే వస్తుంది, చిక్కంతా బేస్‌మెంట్ దగ్గరే

తెలంగాణ ప్రభుత్వం 2024 మార్చిలో భద్రాచలంలో మొదలుపెట్టిన పేదల ఇళ్ల నిర్మాణ పథకం ఇందిరమ్మ ఇళ్లు. నియోజకవర్గానికి 3,500 ఇళ్లు లక్ష్యం. సొంత స్థలం ఉన్నవాళ్లకు 5 లక్షల రూపాయలు, పని సాగేకొద్దీ నాలుగు విడతల్లో నేరుగా ఖాతాలో పడతాయి. మధ్యలో కాంట్రాక్టర్ లేకపోవడం దీని పెద్ద బలం.

బలహీనత మొదటి విడతలో ఉంది. బేస్‌మెంట్ (గచ్చు ఎత్తు వరకు లేపే పునాది) పూర్తయ్యాకే లక్ష వస్తుంది. అంటే పునాది తవ్వకం, రాయి, సిమెంటు, మేస్త్రీ కూలి అన్నీ ముందు చేతి నుంచి పెట్టుకోవాలి. నిరుపేద ఇక్కడే వడ్డీ అప్పుకు పోతాడు. ముగ్గు పోసినా పునాది లేవని ఇళ్లకు ఇదీ ఒక కారణం. ముందే కొంత అడ్వాన్సు ఇస్తే లక్ష్యం వేగంగా కదులుతుంది.

కొలత విషయంలో జాగ్రత్త. కనీసం 400, గరిష్ఠం 600 చదరపు అడుగులు. వరండా కాస్త పెంచుదామని 600 దాటిస్తే బిల్లు ఆగుతుంది. ముగ్గు పోసేటప్పుడే టేపుతో కొలిపించుకోండి. ప్రతి దశలో ఇంటి ఫోటో అప్‌లోడ్ అయిందో లేదో అధికారులను అప్పుడే అడగండి.

లెక్క చూస్తే 400 చదరపు అడుగుల ఇంటికి అందే సాయం అడుగుకు 1,250, 600కు 833 రూపాయలే. చిన్నగా కట్టుకోవడమే మేలు. 400 అడుగుల స్లాబ్‌కు నాలుగున్నర అంగుళాల మందంతో సిమెంటే 35 బస్తాల దాకా పడుతుంది. క్యూరింగ్ (స్లాబ్‌ను నీళ్లతో తడిపి ఉంచడం) రెండు వారాల కంటే తగ్గించకండి.

స్థలం లేనివాళ్లకు మాత్రం పథకం మొదటి దశలో ఈ 5 లక్షల సాయం లేదు. అద్దె ఇంట్లో ఉన్న కూలీకి అదే అసలు కొరత.