ఆగస్టు ఫొటో, మార్చి నీళ్ళు

922 డాలర్లు, రెండు బొనీటో చేపలు (ట్యూనాకి చిన్న చుట్టాలు). ఒక్కోటీ మూరెడు కూడా లేదు. మెక్సికోలో కాబో సాన్ లూకాస్ దగ్గర మార్చి రెండో వారంలో మేం చేసిన చేపల వేటకి జమాఖర్చు ఇది. రెండో రోజు ఇంకో పడవ ఎక్కకపోయి ఉంటే ఇంత ఓపిగ్గా రాసేవాణ్ణి కాదు, తిట్లతో సరిపెట్టేవాణ్ణి.

మోసం అంతా ఒక ఫొటోతో మొదలైంది. బుకింగ్ సైట్లో ఒకాయన పసుపూ ఆకుపచ్చా కలిసి మెరిసే డొరాడో చేపని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నాడు. వెనక సముద్రం సిరా ఒలికినట్టు నీలంగా ఉంది. కింద 'మార్లిన్, డొరాడో, ట్యూనా ఏడాది పొడవునా' అని రాసి ఉంది. మార్లిన్ అంటే ఈటెలాంటి ముక్కున్న పెద్ద చేప. ఆ ఫొటోలో మనిషికి చొక్కా లేదన్న సంగతి నేను పట్టించుకోలేదు. మేం పడవెక్కిన పొద్దున అందరి ఒంటిమీదా స్వెట్టర్లే.

నాతో మా ఆవిడ, బావమరిది, కాకినాడ నుంచి మమ్మల్ని చూడ్డానికి అమెరికా వచ్చిన మా మామయ్యగారు ఉన్నారు. (అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే ఇండియా పాస్‌పోర్టుతో మెక్సికోకి విడిగా వీసా అక్కర్లేదు. నన్ను చాలామంది అడిగారు కాబట్టి చెబుతున్నా.) విమానాశ్రయంలో బయటికొచ్చే దారి పొడుగునా కౌంటర్ల వెనక నుంచి 'టాక్సీ కావాలా, రండి రండి' అని పిలుస్తారు. వాళ్ళలో ఎక్కువమంది అమ్మేది టైమ్‌షేర్, అంటే ఏడాదికి కొన్నాళ్ళు వాడుకునే రిసార్టు వాటా. ఆగకుండా నడవండి. బస కాబో పక్క ఊరు సాన్ హోసేలో, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్, రాత్రికి 140 డాలర్లు, వంక పెట్టడానికి ఏమీ లేదు.

మొదటి పడవ 31 అడుగులది, ఎనిమిది గంటల వేటకి 750. సగం ముందే కట్టించుకున్నారు, వెనక్కివ్వరు. రేవులో దిగాక అసలు లెక్క మొదలైంది. ఎర చేపలకి 40. లైసెన్సు మనిషికి 18 చొప్పున నలుగురికి 72, గాలం ముట్టుకోని మా ఆవిడకి కూడా. మెక్సికోలో పడవ మీంచి వేటకి లైసెన్సు తప్పనిసరే, దానికి నేను గొడవ పడను. ఒడ్డున నిలబడి గాలం వేసేవాళ్ళకి అది కూడా అక్కర్లేదు. కానీ ఇదంతా బుకింగప్పుడు చెప్పాలి కదా. చివర్లో టిప్పు 60.

పడవ కొండరాళ్ళు దాటి పసిఫిక్ వైపు తిరగ్గానే చలిగాలి మొహాన కొట్టింది. నీళ్ళు ఆకుపచ్చగా, గోంగూర ఉడికించి వంచేసినట్టు ఉన్నాయి. కెప్టెన్ ముందున్న తెర మీద నీటి వేడి 64 అని చూపిస్తోంది, ఫారెన్‌హీట్‌లో. మన లెక్కలో 18 డిగ్రీలు. మామయ్యగారు పడవ అంచు మీంచి వంగి, ఎగిరిన తుంపరని అరచేతిలో పట్టుకుని, వేళ్ళు రుద్ది చూశారు. కాకినాడ జగన్నాథపురంలో ఐసు ఫ్యాక్టరీ లెక్కలు రాసిన మనిషి ఆయన. వేటకి వెళ్ళకపోయినా ఏ నెల ఏ చేప దిగుతుందో నోటికి వచ్చు.

"చేప ఉంటుంది అల్లుడుగారూ, మీరు కట్టిన డబ్బుకి తగ్గ చేపే ఉండదు" అన్నారు.

అదే జరిగింది. నాలుగు గంటలు రంగురంగుల బొమ్మ చేపల్ని పడవ వెనక లాక్కుంటూ తిరిగాం. బావమరిది రెండుసార్లు వాంతి చేసుకుని, "బావా, ఇంకెంతసేపు?" అని అడగడం కూడా మానేశాడు. ఒక్క మా ఆవిడ మాత్రం సంతోషంగా ఉంది. పిల్లతో పాటు ఒక హంప్‌బ్యాక్ తిమింగలం పడవకి వంద గజాల్లో తేలింది. ఆ పిల్ల తోక కొట్టినప్పుడల్లా ఈవిడ చప్పట్లు. తిమింగలాలు ఈ చుట్టుపక్కల డిసెంబరు నడుమ నుంచి ఏప్రిల్ నడుమ దాకా ఉంటాయి. వాటిని చూపించే పడవలు ఇందులో పదో వంతు ధరకి దొరుకుతాయని మర్నాడు తెలిసింది. ఆ సంగతి ఆవిడకి ఇంకా చెప్పలేదు.

బావమరిది ఒడ్డుకి రాగానే పక్క దుకాణం మెట్ల మీద కూలబడ్డాడు. నేను బుకింగ్ వాళ్ళకి ఫోన్ చేస్తే, "వేట అంటే అదృష్టం సార్, గ్యారంటీ ఉండదు" అన్నాడు అవతలి మనిషి. నిజమే, గ్యారంటీ ఉండదు. నా కోపం అది కాదు. సంక్రాంతికి మామిడిపళ్ళ బొమ్మ చూపించి డబ్బు తీసుకుని, చెట్టుకి పూత ఉంది చూడండి అన్నట్టుంది.

మర్నాడు చీకటితోనే సాన్ హోసే పక్కన లా ప్లాయిటా రేవుకి వెళ్ళాం. మా ఆవిడ నిద్ర మానుకోలేనంది. అక్కడ పాంగాలు ఉంటాయి. మన ఫైబర్ తెప్పల్లాంటివే, 22 అడుగులు, వెనక ఒక్క మోటారు. ఆరు గంటల వేటకి 260 అడిగాడు ఒక పెద్దాయన. ఎర 30, మళ్ళీ ముగ్గురికి లైసెన్సులు 54. నిన్నటి కథ ఫోన్‌లో అనువాదం చేసి వినిపిస్తే నవ్వలేదు. "మార్సో, ఆగ్వా ఫ్రియా" అన్నాడు, మార్చి, చల్లనీళ్ళు అని. తర్వాత మోటారు కాసేపు ఆపి, వేలితో పడవ బల్ల మీద నీళ్ళతోనే గీతలు గీసి చూపించాడు.

ఫోన్ సాయంతో నాకు అర్థమైంది ఇది. బాహా ద్వీపకల్పం పొడుగాటి వేలులా కిందికి దిగి కాబో దగ్గర ముగుస్తుంది. పడమర పసిఫిక్, తూర్పున కోర్టెజ్ సముద్రం. పసిఫిక్‌లో కాలిఫోర్నియా వైపు నుంచి చల్లటి ప్రవాహం దిగుతూ ఉంటుంది. దానికి తోడు వసంతంలో వాయవ్య గాలి తీరం వెంబడి గట్టిగా వీచి పైనీళ్ళని సముద్రం లోపలికి నెట్టేస్తుంది. ఆ ఖాళీలోకి అడుగునీళ్ళు పైకొస్తాయి. అడుగునీళ్ళంటే చల్లగా, సారవంతంగా ఉంటాయి. వాటిలో కంటికి కనిపించని నాచు పెరిగి రంగు పచ్చబడుతుంది. చిన్న చేపలకి అది పండగ. డొరాడోలకి మాత్రం వెచ్చటి నీలం నీళ్ళు కావాలి, నీలి మార్లిన్లకి ఇంకా వెచ్చగా ఉండాలి. జూన్ నుంచి దక్షిణం వైపు నుంచి వెచ్చటి నీరు ఎగబాకి, ఆగస్టు, సెప్టెంబరుకి కోర్టెజ్‌లో 29, 30 డిగ్రీలకి చేరుతుంది. మార్లిన్ పోటీలు, లక్షల డాలర్ల బహుమతులవి, అక్టోబరులో పెట్టుకోవడం అందుకే. మూలమలుపు అటూ ఇటూ ఒకే రోజు నాలుగైదు డిగ్రీల తేడా ఉంటుందట. అంటే నిన్న మమ్మల్ని చల్లటి వైపుకే తీసుకెళ్ళారన్నమాట.

మామయ్యగారు ఇవన్నీ విని, "మా దగ్గర ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేటే బంద్, ఇక్కడ నీళ్ళే బంద్ చేస్తాయి" అన్నారు.

ఒడ్డుకి దగ్గరగా, అలలు విరిగే చోటుకి కాస్త ఇవతల ఆపాడు. చిన్న గాలం, దారం చివర జానెడు ఇనుప తీగ, బతికున్న సార్డీన్. తీగ ఎందుకో మొదటి చేప పడ్డాక తెలిసింది. పళ్ళు కత్తెరలా ఉన్నాయి. వెండి రంగు ఒళ్ళు, పక్కల నిండా పసుపు చుక్కలు. మామయ్యగారు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూసి, "ఒరేయ్, ఇది వంజరంరా! బంగారు చుక్కలు పెట్టుకుంది గానీ వంజరమే" అని కొడుకు భుజం మీద చరిచారు. అక్కడ దీన్ని సియెర్రా అంటారు. నిజంగానే మన వంజరానికి దగ్గర చుట్టం, ఒకే కుటుంబం. చల్లనీళ్ళ నెలల్లోనే ఒడ్డుకి గుంపులుగా వస్తుంది. నిన్న మేం లేవని ఏడ్చిన చేపలకి బదులు ఉన్నవి ఇవే, ఎవరూ చెప్పలేదు అంతే.

పది గంటలకి తొమ్మిది సియెర్రాలు. ఒకే రకం చేపలు మనిషికి రోజుకి ఐదుకి మించకూడదని నిబంధన, మేం ఆ హద్దు దాకా పోనేలేదు. పెద్దాయన ఒకదాన్ని అక్కడే కోసి, నిమ్మరసం, ఉల్లిపాయ, పచ్చిమిరప కలిపి సెవిచె చేసి ప్లాస్టిక్ గిన్నెలో అందించాడు. బావమరిది నిన్నటి సంగతి మర్చిపోయి గిన్నె నాకాడు. పచ్చి చేపా అని మొహం తిప్పుకున్న మామయ్యగారు ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఊరని ఊరగాయ" అని ఇంకో ముక్క తీసుకున్నారు. టిప్పు 50 ఇచ్చాం. మొత్తం 394.

సాయంత్రం వంట మామయ్యగారిది. చింతపండు కోసం భయపడ్డాం గానీ, సూపర్‌మార్కెట్లో 'తామరిందో' అని కాయలకి కాయలే పోసి ఉన్నాయి. ఎండుమిరప, కొత్తిమీర సరే సరి. కరివేపాకు ఒక్కటే దొరకలేదు. పులుసు ఆ రాత్రి బాగానే ఉంది, మర్నాడు పొద్దున చల్లన్నంలో ఇంకా బాగుంది. అప్పటిదాకా ముభావంగా ఉన్న మా ఆవిడ, "పడవల డబ్బు పోతే పోయింది లెండి" అంది. మొదటి పడవకి ఎంతైందో అప్పటికి నిజం చెప్పాను, తిమింగలాల సంగతి తప్ప.

జూలైలో నేనూ బావమరిదీ మళ్ళీ వెళ్ళాం, ఈసారి బాహాలోనే ఇంకా ఉత్తరాన ఉన్న లోరెతో ఊరికి. కొట్టుకొచ్చిన సముద్రపు నాచు తెట్టెల కింద డొరాడోలు, మనిషికి రెండు చొప్పున నాలుగు పడగానే పాంగా ఆయన గాలాలు చుట్టేశాడు, అంతకన్నా ఎక్కువ తీసుకెళ్ళకూడదు. ఎండకి వీపు కాలిపోయింది. మిగతాదంతా సాఫీ.

వెళ్ళేవాళ్ళకి నా మాట: 'ఏ చేపలు పడతాయి' అని అడగకండి, అందరూ అన్నీ పడతాయనే అంటారు. 'నిన్న ఏం పడ్డాయి, నీళ్ళు ఎన్ని డిగ్రీలున్నాయి' అని అడగండి. సముద్రపు వేడి మ్యాపులు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, ఒక వారం ముందు నుంచి చూసుకోండి. ఎల్‌నినో ఏడాదైతే నెలల లెక్క అటూ ఇటూ అవుతుంది. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా చేపలు ఎక్కువే గానీ తుపాన్లూ అప్పుడే. 2014 సెప్టెంబరులో ఒడీల్ తుపాను కాబోని చితక్కొట్టింది. ఆ నెలల్లో డబ్బు వెనక్కిచ్చే బుకింగ్ తప్ప ఇంకేదీ చెయ్యకండి. మార్చిలోనే సెలవులంటే చిన్న పాంగా, సియెర్రా, కూడా చింతపండు. పెద్ద పడవ వద్దే వద్దు.

మా మొదటి బుకింగ్ వాళ్ళకి వివరంగా ఉత్తరం రాశాను, నీటి వేడితో సహా. రెండు వారాలకి జవాబొచ్చింది. మా అసౌకర్యానికి చింతిస్తూ, వచ్చేసారికి పది శాతం తగ్గింపు కూపను. గడువు చూశాను. జనవరి 15 నుంచి మార్చి 31 లోపు వాడుకోవాలి.