అనంతగిరిలో టెంట్ల వారాంతం: నాలుగు చలికాలాల తర్వాత

శనివారం మధ్యాహ్నం బయల్దేరి ఆదివారం సాయంత్రానికి ఇల్లు చేరాలంటే హైదరాబాద్ చుట్టుపక్కల వికారాబాద్ వైపే మంచిది. అనంతగిరి కొండలు నగరానికి దాదాపు 75 కిలోమీటర్లు. లింగంపల్లి మీదుగా పోయే రైలెక్కి వికారాబాద్‌లో దిగితే, అక్కణ్ణుంచి ఆటో చాలు. నవంబర్ నుంచి ఫిబ్రవరి మొదటి వారం దాకా సరైన కాలం. వానల్లో అడవి పచ్చగా ఉన్నా, చేల దారుల్లో నల్లరేగడి బూట్లకు పట్టి అడుగడుక్కీ బరువెక్కుతుంది.

ముందుగా తేల్చుకోవాల్సింది ఎంతమంది అన్నది. 12 మంది సరిగ్గా సరిపోతారు. ఒకటే పొయ్యి, అందరూ ఒకటే చుట్టుగా కూర్చోవడం, ఎవరు మాట్లాడినా అందరికీ వినబడటం. 16 దాటితే రెండు గుంపులవుతాయి: అటు అంత్యాక్షరి, ఇటు ఫోన్లు. 30 మందిని పోగేసి, రెండే మరుగుదొడ్లు పెట్టి, అర్ధరాత్రి దాకా స్పీకర్లు మోగించే నిర్వాహకుల దగ్గరికి మళ్లీ పోయేది లేదు. డబ్బు కట్టేముందే మరుగుదొడ్లు ఎన్ని, స్థలం పట్టా భూమేనా అని అడగాలి. రిజర్వు అడవిలో అనుమతి లేకుండా రాత్రి మకాం, మంట రెండూ నేరమే.

టెంట్ మీద 'ముగ్గురికి' అని రాసుంటే బ్యాగులతో సహా ఇద్దరికని అర్థం. 12 మందికి ఆరు టెంట్లు. వాటితో వచ్చే సన్నటి మేకులు ఇక్కడి ఎర్ర మొరంలో రెండు అంగుళాలు దిగేసరికి వంగిపోతాయి. అందుకే ఏడంగుళాల ఇనుప మేకులు, ఓ సుత్తి విడిగా పెట్టుకోవాలి. మేకు తల టెంట్‌కు దూరంగా వాలేలా ఏటవాలుగా కొడితేనే తాడు లాగినా ఊడిరాదు. బండ తగిలిందా, బలవంతం చేయకుండా తాడును పెద్ద రాయికి కట్టేయాలి. ఫైబర్ కడ్డీలను విప్పేటప్పుడు లాగొద్దు, వెనకనుంచి తోయాలి. లాగితే గుడ్డ గొట్టం లోపలే అతుకులు విడిపోతాయి, ఆ అంచుల దగ్గరే కడ్డీ చీలుతుంది.

తెల్లవారేసరికి లోపలి గుడ్డకు నీటిబొట్లు పడితే టెంట్ కారుతోందని అనుకుంటారు. అది మన ఊపిరి తేమే. చలికి జిప్పులన్నీ బిగిస్తే ఇలాగే అవుతుంది. పైన రెండువైపులా బెత్తెడు సందు వదలాలి, పైకప్పు గుడ్డ లోపలి గుడ్డకు ఆనకుండా తాళ్లు బిగించాలి. దుప్పటి ఒక్కటే ఉంటే కప్పుకోవడంకన్నా కింద పరచడమే మేలు, ఒంట్లో వేడిని లాగేసేది నేలే.

నడక శనివారం సాయంత్రం 4 కిలోమీటర్లు, ఆదివారం పొద్దున ఆరుంపావుకి మొదలుపెట్టి 9 కిలోమీటర్లు. అందరికన్నా మెల్లగా నడిచేవాళ్లు వరసలో రెండో స్థానంలో ఉండాలి. చివర ఉంచితే, ముందువాళ్లు ఆగి సేదతీరి, వీళ్లు చేరుకోగానే లేచి కదులుతారు. పాపం, వీళ్లకి విశ్రాంతే దొరకదు. దారి తెలిసిన మనిషి ముందు, ఈల పట్టుకుని ఇంకొకరు వెనక. కంది చేలల్లో గట్టు దిగకుండా నడవాలి. చీకటి పడ్డాక చేలవైపు అసలే వద్దు: అడవిపందుల కోసం కొందరు కరెంటు తీగలు కడతారు, ప్రాణాలే పోతాయి. తిరిగొచ్చాక పాంటు అంచుల్లో ఉత్తరేణి గింజలు దులుపుకుని, మోకాలి వెనక, నడుం దగ్గర పిడుదులు పట్టాయేమో చూసుకోవాలి. పొద్దున్నే బూట్లు బోర్లించి తట్టాకే కాలు పెట్టాలి, తేళ్లుంటాయి.

మూసీ పుట్టేది ఈ కొండల్లోనే. చెట్లకింద రాళ్ల సందున ఊరే ఆ నీటిని చూశాక, హైదరాబాద్‌లో అదే మూసీ కంపుకి చాదర్‌ఘాట్ వంతెన మీద ముక్కు మూసుకునే మనిషికి కూడా గుండె బరువెక్కుతుంది. ఒక్క ప్లాస్టిక్ కవరు కూడా అక్కడ వదలకండి, దయచేసి.

తిండికి కిలోన్నర బియ్యం, 400 గ్రాముల కందిపప్పు, ముప్పావు కిలో టమాటాలు 12 మందికి ఒక పూటకి చాలు. 5 కిలోల చిన్న సిలిండర్ రెండు రోజులు ధీమాగా వస్తుంది. నీళ్లు మాత్రం తక్కువ పడకూడదు: 20 లీటర్ల క్యాన్లు నాలుగు. తినుబండారాలు టెంట్‌లో దాచొద్దు. కోతులు జిప్పు తీయవు, గుడ్డే చించుతాయి. మూత బిగిసే స్టీలు డబ్బాల్లో పెట్టి, కారుంటే డిక్కీలో ఉంచాలి.

ఆదివారం మంచు ఆరకముందే టెంట్ మడవాల్సొస్తే, ఇంటికి రాగానే మేడమీద నీడలో విప్పి ఆరేయాలి. అలసిపోయామని మూలన పడేస్తే నాలుగు రోజులకే నల్లచుక్కలు లేస్తాయి, ఆ ముక్కిన వాసన మరి పోదు.