సొంతంగా కట్టుకునే విమానానికి ఇంధన మీటరు: ఫ్లోట్ మేలా, కెపాసిటెన్స్ కడ్డీ మేలా?

1997 అక్టోబరు 12న కాలిఫోర్నియాలోని మాంటెరే తీరం దగ్గర గాయకుడు జాన్ డెన్వర్ నడుపుతున్న లాంగ్-ఈజెడ్ సముద్రంలో కూలింది. ఒక ఔత్సాహికుడు కట్టిన విమానం అది. ఇంధనం నింపకుండా బయలుదేరడం, ట్యాంకు మార్చే పిడి చేతికి అందని చోట ఉండటంతో పాటు, ఇంధన మట్టం చూసుకునే గేజీలపై గుర్తులు లేకపోవడాన్ని కూడా దర్యాప్తు నివేదిక తప్పుపట్టింది. ట్యాంకులోని ఇంధనాన్ని నేరుగా కంటితో చూసుకునే ఆ గేజీలు పైలట్ వీపు వెనక ఉండేవి. కరెంటు అక్కర్లేని గేజీని మించింది లేదనేవారితో నేను ఏకీభవిస్తాను, అది కళ్ల ముందు ఉన్నంతవరకే.

వాన్స్ కంపెనీ ఆర్‌వీ కిట్ విమానాల్లో లాగా ట్యాంకులు రెక్కల్లో ఉంటే ఆ సౌకర్యం ఉండదు. ఎలక్ట్రానిక్ మీటరు చేసుకోవాల్సిందే. ఏ మీటరైనా ఎప్పుడో ఒకసారి అబద్ధం చెబుతుంది. ఉన్నదానికంటే ఎక్కువ చెబుతుందా, తక్కువ చెబుతుందా అన్నదే నేను ముందు చూసేది.

కెపాసిటెన్స్ కడ్డీ చూడముచ్చటైన పనితనం. కదిలే భాగాలుండవు, అరిగేదేమీ లేదు. ఒకదానిలో ఒకటి అమర్చిన రెండు గొట్టాల మధ్య గాలి ఉంటే డైఎలెక్ట్రిక్ విలువ (విద్యుదావేశాన్ని పట్టి ఉంచడానికి ఆ పదార్థం ఎంత తోడ్పడుతుందో చెప్పే అంకె) 1, పెట్రోలు ఉంటే దాదాపు 2. ఆ తేడాను కొలిస్తే మట్టం తెలుస్తుంది. చిక్కల్లా ఆ 2 అనే అంకెతోనే. ఇథనాల్ విలువ 25 దాకా ఉంటుంది, నీటిది 80. ఇథనాల్ లేని పెట్రోలుతో సరిచేసిన మీటరున్న ట్యాంకులో ఇథనాల్ కలిసిన పెట్రోలు పోస్తే లేని ఇంధనం ఉన్నట్టు చూపిస్తుంది. అడుగున నీళ్లు చేరితే మరీ ఎక్కువ. అంటే దీని అబద్ధం ప్రమాదం వైపే.

ఫ్లోట్, అంటే ఇంధనంపై తేలే బుడ్డి, పాత మొరటు పరికరం. దాని కదలికను విద్యుత్ నిరోధంగా మార్చే భాగం సెండర్. అమెరికా తరహా సెండర్ ట్యాంకు ఖాళీగా ఉంటే 240 ఓంలు, నిండితే 33 ఓంలు చూపుతుంది. ఏ పెట్రోలైనా దానికి ఒకటే. వైరు తెగితే నిరోధం అనంతమై ముల్లు ఖాళీ వైపు పోతుంది, అది మనకు మంచిదే. గ్రౌండ్‌కు షార్ట్ అయితే మాత్రం నిండుగా చూపిస్తుంది. మైక్రోకంట్రోలర్ (చిన్న కంప్యూటర్ చిప్) పెడితే ఆ చిక్కూ తీరుతుంది: 33కు బాగా తక్కువ గానీ 240కి బాగా ఎక్కువ గానీ వస్తే అంకె బదులు అడ్డగీత చూపమని రాసుకోవచ్చు. సెండర్‌కిచ్చే 5 వోల్టులనే కొలతకు ప్రమాణంగా తీసుకుంటే ఆ వోల్టేజీ కాస్త అటూ ఇటూ అయినా అంకె కదలదు. తీరని లోపం ఒకటుంది. రెక్క చివర పైకి లేచి ఉంటుంది కాబట్టి రెక్క మొదలు దగ్గర ఉన్న ఫ్లోట్ ట్యాంకు నిండకముందే పైకప్పుకు తగులుతుంది. పై భాగంలోని కొన్ని లీటర్లు దానికి కనబడవు.

నా ఓటు ఫ్లోట్‌కే, తోడుగా ఇంధన ప్రవాహాన్ని లెక్కించే మీటరుతో. అలాంటి మీటర్లలో ఒకటైన ఎర్రటి ఎఫ్‌టీ-60 గ్యాలనుకు సుమారు 68,000 పల్సులిస్తుంది. ఫ్లోట్ చూడలేని పై లీటర్లను అది లెక్కపెడుతుంది. కానీ ట్యాంకు కారితే దానికి తెలియదు, అది తెలిసేది ఫ్లోట్‌కే. రోటాక్స్ 912 ఇంజన్‌లో లాగా మిగులు ఇంధనాన్ని ట్యాంకుకు తిప్పి పంపే ఏర్పాటుంటే ఒక్క ప్రవాహ మీటరు ఖర్చును ఎక్కువగా చూపిస్తుంది.

ఫ్లోట్ మీటరును సరిచేసేటప్పుడు తోక చక్రం విమానమైతే తోకను ఎగిరే భంగిమ దాకా ఎత్తి నిలపాలి. ఇంజన్‌కు అందని అడుగు ఇంధనాన్ని ముందే పోసి అక్కడ సున్నా పెట్టాలి. ఆపైన ఐదేసి లీటర్లు పోస్తూ ప్రతిసారీ అంకె రాసుకోవాలి, రెండు ట్యాంకులకూ విడివిడిగా.