హెడ్‌సెట్ మంచిదే, కానీ డెస్క్‌టాప్‌కి పెట్టేవాళ్ళు పిన్ను చూసి కొనండి

ఇంట్లో డెస్క్‌టాప్‌లో వాయిస్ రికార్డ్ చేసుకుందామని ఈ హెడ్‌సెట్ తీసుకున్నా. ఫోన్‌కి పెడితే మైక్ చక్కగా పనిచేస్తుంది, అదే కంప్యూటర్ వెనకాల మైక్ కోసం ఉండే పింక్ జాక్‌లో పెడితే ఒక్క ముక్క రికార్డ్ అవ్వదు. ఆడాసిటీలో (సౌండ్ రికార్డ్ చేసే సాఫ్ట్‌వేర్) గీత అలా తిన్నగా పోతూనే ఉంది, మైక్ మీద వేలితో తట్టినా ఉలుకూ పలుకూ లేదు.

ముందు విండోస్ మీదే అనుమానం వచ్చింది. ప్రైవసీ సెట్టింగ్స్‌లో మైక్రోఫోన్ ఆన్‌లోనే ఉంది, దాని కింద డెస్క్‌టాప్ యాప్స్‌కి వేరే స్విచ్ ఉంటుంది, చాలామంది అంతవరకు దిగి చూడరు, అదీ ఆన్‌లోనే ఉంది. రికార్డింగ్ ట్యాబ్‌లో మైక్ డిఫాల్ట్‌గానే ఉంది, లెవెల్ 100, సౌండ్ డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూడా తీసేసి మళ్ళీ వేశా, సాయంత్రమంతా దీనికే పోయింది.

ఆఖరికి పిన్ను బయటికి లాగి లైటు కింద పెట్టి చూస్తే మూడు నల్ల గీతలు ఉన్నాయి. అంటే నాలుగు కాంటాక్టులన్నమాట, కొన నుంచి వరసగా ఎడమ స్పీకర్, కుడి స్పీకర్, గ్రౌండ్, మైక్. పింక్ జాకేమో రెండు గీతల పిన్ను కోసం చేసింది, అది మైక్ కోసం కొన దగ్గర చూస్తుంది, మన మైకేమో పిన్ను మొదట్లో, అంటే వైరు వైపు కూర్చుని ఉంది, ఇంక ఎలా కలుస్తాయి చెప్పండి.

మైక్‌కి ఒక పిన్ను, హెడ్‌ఫోన్‌కి ఒక పిన్ను విడిగా ఉండే స్ప్లిటర్ తెచ్చి పింక్‌లో ఒకటి, గ్రీన్‌లో ఒకటి పెట్టగానే ఆడాసిటీలో గీత ఎగిరింది! అచ్చం ఇలాగే కనిపించే ఇంకో స్ప్లిటర్ ఉంటుంది, అది ఇద్దరు పాటలు వినడానికి, దాంతో మైక్ రాదు, మైక్ బొమ్మ ఉందో లేదో చూసి తీసుకోండి. ఒకే జాక్ ఉండి దాని పక్కన హెడ్‌సెట్ బొమ్మ ఉన్న ల్యాప్‌టాప్‌లకి ఇదేం అక్కర్లేదు.

గొంతు స్పష్టంగా వస్తోంది, మైక్ బూస్ట్ (మైక్ సౌండ్ పెంచే సెట్టింగ్) ఎక్కువ పెడితే మాత్రం వెనకాల బుస్సుమని సౌండ్, 10 డెసిబెల్స్ దగ్గర ఉంచితే నాకు సరిపోయింది. డబ్బా మీద పీసీకి పనిచేస్తుందని అంత పెద్ద అక్షరాలతో వేసినవాళ్ళు స్ప్లిటర్ కావాలని ఒక్క లైన్ రాయకపోవడం చాలా తప్పు, బాగున్న మైక్‌ని పాడైందనుకుని రిటర్న్ పెట్టేసేదాన్ని. అందుకే 5కి 3 స్టార్లు, లోపల ఆ స్ప్లిటర్ కూడా ఇచ్చి ఉంటే 5 ఇచ్చేదాన్ని.