తిరిగినంతకే ప్రీమియం: యువ డ్రైవర్ల కారు బీమాపై ఒక సమీక్ష

కొత్తగా లైసెన్సు తీసుకున్న యువతీయువకులకు కారు బీమా ప్రీమియం తడిసి మోపెడవుతుంది. డ్రైవింగ్ నేర్చిన తొలి ఏళ్లలో ప్రమాదాలు ఎక్కువన్నది బీమా సంస్థలకు ఎప్పటినుంచో తెలిసిన సంగతే. ఫలానా మనిషి ఎలా నడుపుతాడో తెలియదు గనుక వయసును చూసి రేటు కడతాయి. దానితో వారానికి ఒకసారి బండి తీసేవారు కూడా రోజంతా రోడ్డు మీదుండే తోటివారి భారాన్ని మోయవలసి వస్తుంది. తిరిగిన దూరాన్ని బట్టి ప్రీమియం వసూలు చేసే పాలసీలు ఈ అన్యాయానికి విరుగుడుగా వచ్చాయి. మా అమ్మాయి కోసం అలాంటిదొకటి తీసుకుని, గడువు పూర్తయ్యాక రెన్యువల్ కూడా చేయించాను. దూరాన్ని కొలిచి డబ్బు తీసుకునే పద్ధతి మెచ్చదగినది. దానికి తగిలించి అంటగట్టే నిఘా మాత్రం అక్కర్లేనిది.

ఇది పనిచేసే తీరు సులువుగానే అర్థమవుతుంది. ఒక స్థిరమైన మొత్తానికి, నడిపిన ప్రతి కిలోమీటరుకూ కొంత చొప్పున కలిపి ప్రీమియం లెక్కగడతారు. కొన్ని సంస్థలు ఇంత దూరమని ముందే శ్లాబులు అమ్మి, అది దాటితే అదనంగా కట్టించుకుంటాయి. దూరాన్ని కొలిచే మార్గాలకు మాత్రం ఒకదానితో ఒకటికి పోలిక లేదు. ఓడోమీటర్ రీడింగును ఫొటో తీసి పంపడం ఒక మార్గం. స్టీరింగు కింద, కారులోని లోపాలను పరీక్షించడానికి మెకానిక్కులు వాడే ఓబీడీ పోర్టులో అగ్గిపెట్టెంత పరికరాన్ని గుచ్చడం మరొకటి. ఫోన్‌లో యాప్ పెట్టుకోవడం ఇంకొకటి. ఇక కొత్త కార్లు చాలావాటిలో తయారీదారులే సిమ్ ఉన్న మోడెమ్‌ను బిగించి ఇస్తున్నారు. కొనేటప్పుడు ప్రీమియం ఎంత తగ్గుతుందనే అందరూ అడుగుతారు గాని, దూరాన్ని దేనితో కొలుస్తారన్నది అంతకంటే ముందు అడగవలసిన ప్రశ్న.

మేము మొదట తీసుకున్నది యాప్ రకం. తక్కువ తిరిగే మా అమ్మాయికి ప్రీమియం నిజంగానే తగ్గింది, అందులో వంక పెట్టడానికేమీ లేదు. రోజూ దూరప్రాంతంలోని ఆఫీసుకు కారులో వెళ్లి వచ్చేవారికి మాత్రం ఇది దండగ. అయితే యాప్ దూరంతో తృప్తి పడలేదు. సడన్ బ్రేకులు, ఒక్కసారిగా వేగం పెంచడం, మలుపుల్లో దూకుడు, నడుపుతూ ఫోన్ ముట్టుకోవడం, అర్ధరాత్రి దాటాక ప్రయాణం, వీటన్నిటికీ కలిపి నూటికి ఇన్ని అని మార్కులు వేసింది. ఒక సాయంత్రం ముందు వెళ్తున్న లారీ ఉన్నట్టుండి ఆగిపోతే, తగినంత దూరం పాటించబట్టి మా అమ్మాయి బ్రేకు వేసి సురక్షితంగా ఆపగలిగింది. ఇంటికి వచ్చి చూస్తే యాప్‌లోని మ్యాపు మీద సరిగ్గా అక్కడే ఎర్రచుక్క, మార్కుల్లో కోత. స్నేహితురాలి కారులో పక్కసీటులో కూర్చుని వెళ్లిన ప్రయాణాన్ని కూడా ఆమె ఖాతాలోనే వేసింది; ప్రతిసారీ ‘నేను డ్రైవర్‌ను కాదు’ అని నొక్కి దిద్దుకోవలసిందే. నడుపుతూ ఫోన్ చూడడం ఆమె పూర్తిగా మానేసిందంటే ఆ ఘనత యాప్‌దే, కాదనను. కానీ బ్రేకు వేస్తే మార్కులు పోతాయన్న వెరపు, ఆగవలసిన చోట ఆగకుండా చేస్తుందేమోనన్న భయం నాకు పోలేదు.

అసలు సమస్య సమాచారానిది. దూరం లెక్కకు కావలసింది పాత రీడింగు, కొత్త రీడింగు, ఈ రెండు అంకెలే. లొకేషన్ అక్కడితో ఆగదు: ఏ ఆసుపత్రి ముందు ఎంతసేపు ఆగారు, ఏ ప్రార్థనా స్థలానికి వెళ్లారు, రాత్రి ఎవరి ఇంట ఉన్నారు అన్నదంతా చెప్పేస్తుంది. లొకేషన్ తీసుకోము, వేగం మాత్రమే నమోదు చేస్తాము అన్న హామీ కూడా పూర్తి భరోసా కాదు. బయల్దేరిన చోటు, వేగపు నమోదు ఉంటే, రోడ్ల మ్యాపుతో సరిపోల్చి కొన్ని ప్రయాణాల గమ్యాన్ని దగ్గరదగ్గరగా పట్టుకోవచ్చని అమెరికాలోని రట్గర్స్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2014లో చూపించారు. ఇదంతా లేకుండా వ్యాపారం సాగదా అంటే, సాగుతుంది. కాలిఫోర్నియాలో దూరాన్ని బట్టి రేటు కట్టడానికి పరికరం వాడినా, దానితో వాహనం ఎక్కడుందన్న సమాచారాన్ని బీమా సంస్థ సేకరించరాదని నిబంధనలు ఉన్నాయి.

సేకరించినది ఎక్కడికి పోతుందన్నది ఇంకో చిక్కు. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2025 జనవరిలో కార్ల తయారీ సంస్థ జనరల్ మోటార్స్, దాని కార్లకు నెట్ ద్వారా సేవలందించే అనుబంధ సంస్థ ఆన్‌స్టార్‌లపై చర్యకు దిగింది. వాహనదారుల నుంచి సరైన సమ్మతి లేకుండా వారి లొకేషన్‌ను, డ్రైవింగ్ తీరును కొన్ని సందర్భాల్లో మూడు సెకన్లకొకసారి నమోదు చేసి, ఇతరులకు అమ్మారన్నది దాని ఆరోపణ. కొనుక్కున్నవారిలో బీమా సంస్థలకు నివేదికలు ఇచ్చే కంపెనీలూ ఉన్నాయి. అలాంటి సంస్థలకు ఈ సమాచారం ఇవ్వకుండా అయిదేళ్ల నిషేధాన్ని కమిషన్ ప్రతిపాదించింది. మా పాలసీ షరతుల్లో ‘భాగస్వామ్య సంస్థలతో పంచుకోవచ్చు’ అన్న ముక్క కనబడి కస్టమర్ కేర్‌ను అడిగితే, ఆ సంస్థలేవో వారూ చెప్పలేకపోయారు. ఇష్టమైతేనే చేరండి అంటారు నిజమే. మామూలు ప్రీమియం భరించలేని కుర్రవాడికి ఆ ఇష్టానికి అర్థమేమిటి?

ఇంట్లో వచ్చే ఇబ్బందిని ఎవరూ ముందుగా చెప్పరు. పాలసీ నా పేరున ఉండడంతో ఆమె ప్రయాణాలన్నీ నా ఫోన్‌కు వచ్చి పడేవి. ‘నాన్నా, డబ్బు నువ్వు కట్టావని నేను తిరిగిన చోట్లన్నీ నీకెందుకు?’ అని ఆమె అడిగిన రోజున నోటిఫికేషన్లు ఆపేశాను. కానీ వివరాలు చూడకుండా బిల్లు మాత్రమే చూసే వీలు ఆ యాప్‌లో లేదు. మేజరైన పిల్లల విషయంలో ఇది చిన్న లోపం కాదు.

రెన్యువల్‌కు ఓడోమీటర్ ఫొటో రకానికి మారాము. రాయితీ కాస్త తగ్గింది. నెలనెలా ఫొటో పంపడం మరిచిపోతే పై శ్లాబు రేటు వేస్తారు గనుక క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోవలసి వస్తోంది. పాత యాప్‌ను తీసేసినంత మాత్రాన అప్పటిదాకా పోగైన సమాచారం చెరిగిపోదు. దానికి వేరే అర్జీ పెట్టాలి. మా అర్జీకి, చట్టం కోరినంత కాలం కొన్ని రికార్డులు ఉంచుతామని జవాబు వచ్చింది. ఏవి, ఎంతకాలం అన్నది అందులో లేదు. యాప్ రకమే తీసుకోదలచినవారు ఈ రెండు ప్రశ్నలకు సంతకం చేయకముందే రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోవాలి.