కౌలు సాగా, కూలి పనా?

ఊళ్లో సెంటు భూమి లేని కుటుంబానికి పొలం మీద బతకాలంటే ప్రధానంగా రెండు దారులు: కౌలుకు చేయడం, కూలికి వెళ్లడం. జనాభా లెక్కల్లో కౌలుదారు కూడా ‘సాగుదారు’ కిందికే వస్తాడు. పంట నష్టంతో నిమిత్తం లేకుండా పరాయి చేలో పనిచేసేవారు వ్యవసాయ కూలీలు. 2001లో దేశంలో సాగుదారులే ఎక్కువ. 2011కు లెక్క తిరగబడింది: సాగుదారులు సుమారు 11.9 కోట్లు, కూలీలు 14.4 కోట్లు.

కాగితం మీద కౌలు రైతుది ఒక మెట్టు పైనే. చేతికొచ్చేది చూస్తే మాత్రం నమ్మకం కుదరదు. దుక్కి, విత్తనం, ఎరువు ఖర్చులు చాలాచోట్ల అతనివే. వాన ముంచినా రొక్కం కౌలు కట్టాల్సిందే. పీఎం కిసాన్ ఏటా ఇచ్చే 6,000 రూపాయలు భూమి ఉన్నవారి ఖాతాలోకి పోతాయి. ఆంధ్రప్రదేశ్‌లో పంట రుణం, బీమా కోసం కౌలు రైతుకిచ్చేలా 2019 చట్టం తెచ్చిన 11 నెలల సాగు హక్కు పత్రానికి భూ యజమాని సంతకం తప్పనిసరి చేశారు. ఆ సంతకం అడిగితే మరుసటి ఏడు పొలం దక్కుతుందో లేదో!

కూలీకి పెట్టుబడి అప్పు ఉండదు. అయితే నాట్లు, కోతలు అయ్యాక పనీ ఉండదు. వరికోత యంత్రాలు వచ్చాక కోత రోజులూ తగ్గాయి. మగవారు పట్నం బాట పడితే, ఆడవారికి తక్కువ కూలికి కలుపుతీత మిగులుతుంది.

నీటి వసతి ఉండి, కౌలు పంటలో వాటాగా తీసుకుంటే కౌలే మేలు. మెట్ట చేనుకు ముందే రొక్కం అడిగితే కూలే నయమంటాను.