మారియో కోటల్లో ఫైర్ బార్: ఎన్నేళ్లు ఆడినా మోజు తీరలేదు

1985 నాటి వీడియో గేమ్ సూపర్ మారియో బ్రదర్స్‌లో కోట చివర ఎదురయ్యే శత్రువు బౌజర్ కన్నా, కోటల్లో ఒక కొస చుట్టూ గిర్రున తిరిగే నిప్పుముద్దల వరస, ఫైర్ బారే నాకు ఎక్కువ ఇష్టం. అది మనల్ని చూసి దిశ మార్చదు, వేగం పెంచదు. ఒళ్లు కాలిందంటే మనం కదిలిన సమయం తప్పు, అంతే.

మామూలు బార్‌కి ఆరు నిప్పుముద్దలు, ఒక్కోటి 8 పిక్సెళ్లు. వేగాలు రెండే. సెకనుకు 60 ఫ్రేములు (తెరమీద మారే బొమ్మలు) చూపే వెర్షన్‌లో నెమ్మది బార్ ఒక చుట్టుకి సుమారు 205 ఫ్రేములు తీసుకుంటుంది, అంటే 3.4 సెకన్లు. వేగంగా తిరిగేదానికి 146 చాలు. ముందు దిశ చూసుకోండి. గడియారం ముల్లులా తిరిగే బార్ కింద దూరాలంటే అది మీకు ఎదురొస్తుంది. కొస మిమ్మల్ని దాటి ఎడమవైపు పైకి లేవగానే పరుగు తీయాలి. గడియారం ముల్లుకి ఎదురుదిశలో తిరిగేదైతే దాని వెనకే వెళ్లొచ్చు, కానీ నడిచే వెళ్లాలి. మారియో పరుగు ఫ్రేముకు 2.5 పిక్సెళ్లు, నెమ్మది బార్ కొస కదిలేది 1.2 మాత్రమే. పరిగెత్తితే వెనకనుంచి వెళ్లి దానికే తగులుకుంటారు.

పెద్ద మారియో వంగితే బార్ తగిలిందా లేదా అన్న లెక్కలో ఆట అతన్ని చిన్న మారియోగానే తీసుకుంటుంది. పరుగు మీద వంగితే జారుతూ ముందుకు పోతాడు కూడా. ఇరుకు దారుల్లో ఎన్నిసార్లు పనికొచ్చిందో!

ఇక 5-4లోని (అయిదో ప్రపంచం, నాలుగో దశ) పొడవాటి బార్. ముద్దలు పన్నెండు. పొట్టి బార్ల మీద నేర్చుకున్న అంచనా ఇక్కడ ఎందుకు తప్పుతుందో ఆట కోడ్ చూస్తేగానీ అర్థం కాదు. బార్ తిరగడం నిజానికి 32 మెట్లలో జరుగుతుంది. ఈ ఆట నడిచే నింటెండో యంత్రం ఎన్ఈఎస్, తెరమీది ఒక అడ్డగీత మీద 8 స్ప్రైట్లకు (కదిలే చిన్న బొమ్మలకు) మించి చూపలేదు, బార్ సరిగ్గా అడ్డంగా పడుకుంటే పన్నెండూ ఒకే గీత మీదికొస్తాయి. అందుకని పొడవాటి బార్‌కి కుడికీ ఎడమకీ అడ్డంగా పడుకునే ఆ రెండు మెట్లూ ఎగరగొట్టేశారు. ఫలితంగా అడ్డంగా వచ్చే చోట కొస దాదాపు రెండు బ్లాకులంత ఎత్తు ఒక్క గెంతులో దాటేస్తుంది. నెమ్మది బార్ వేగమే అయినా చుట్టు మాత్రం 192 ఫ్రేముల్లోనే పూర్తవుతుంది. కాబట్టి దీని దగ్గర అడ్డంగా వచ్చే క్షణం కోసం కాచుకోకండి, నిలువుగా ఉన్నప్పటి నుంచి లెక్కపెట్టుకోండి.

వేగం మారదని పైన అన్న మాట, అంటే, పొట్టి బార్ల వరకే. ఇంకో చిక్కు: తెరకు ఆవల ఉన్నంతసేపు ఏ బారూ తిరగదు. మీరు వచ్చే వేగాన్ని బట్టి రెండు బార్ల మధ్య పొంతన మారిపోతుంది. 1-4 నమూనాకే మరిన్ని బార్లు తగిలించిన 6-4లో బట్టీపట్టిన లయ పనిచెయ్యనిది ఇందుకే.

2006 నాటి న్యూ సూపర్ మారియో బ్రదర్స్‌లోనూ బార్ ఉంది, 2015 నాటి సూపర్ మారియో మేకర్‌లోనైతే పొడవు మనమే పెట్టుకోవచ్చు. నా ఓటు మాత్రం మొదటిదానికే. అయితే నేను ఆడేది వైరున్న కంట్రోలర్‌తో, ఆలస్యం లేని పాత తెర మీద. బటన్ నొక్కాక ఆలస్యంగా స్పందించే టీవీ అయితే గేమ్ మోడ్ పెట్టి చూడండి. అప్పటికీ తేడా ఉంటే వేగం బార్ల దగ్గర నేను చెప్పినంత సుఖం దొరక్కపోవచ్చు.